సుగుణమ్మ టీచర్ వెతికిన ఇల్లు

మిరపకాయల కాలంలో ఖమ్మం మార్కెట్ యార్డు పక్కనుంచి బస్సు వెళ్తుంటే కిటికీలు మూసుకున్నా ఘాటు ఆగదు. మొన్న భద్రాచలం నుంచి వస్తున్నప్పుడు అట్లాగే లోపలికి వచ్చింది. ముందు సీట్లో పెద్దాయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఒక తల్లి చంటిపిల్ల మొహం మీద కొంగు కప్పింది. కండక్టర్ తుమ్ముతూనే టికెట్లు కొట్టాడు. నేనూ దగ్గాను. కానీ నాకు ఆ దగ్గుతోపాటు ఇంకొకటి వస్తుంది. వెచ్చటి మిరపకాయ బస్తాల మీద పడుకుని నిద్రపోయిన ఒక ఆరేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. ఆ పిల్ల కళ్ళు తెరిచేసరికి తల్లి లేదు, తండ్రి లేడు, తన మాట తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఆ పిల్ల నేనే. నన్ను నా వాళ్ళ దగ్గరికి చేర్చాలని ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి సుగుణమ్మ టీచర్. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె గురించి రాయమని అడిగినవాళ్ళు అన్నీ మంచి మాటలే రాస్తానని అనుకుని ఉంటారు. మంచి మాటలు రాస్తాను. అవి మాత్రమే రాస్తే ఆమెను నేను ఎరగనట్టే అవుతుంది.

మా ఊరు సరిహద్దుకు అవతల, ఛత్తీస్‌గఢ్ అడవిలో ఉండేది. తుపాకుల మధ్య బతకలేక ఊరు ఊరంతా లేచి దుమ్ముగూడెం పైనున్న అడవిలోకి వచ్చి గుడిసెలు వేసుకుంది. ఏటా మిరప కోతలకు మేస్త్రీ వచ్చి మావాళ్ళను బండి ఎక్కించుకుని ఎర్రుపాలెం వైపు చేలకు తీసుకెళ్ళేవాడు. అక్కడ కల్లం దగ్గర బస్తాలు నింపిన డీసీఎం వ్యాను ఆగి ఉంటే, నేను ఎక్కి ఆడుకుంటూ బస్తాల సందున నిద్రపోయాను. పైన పట్టా కప్పి తాళ్ళు కట్టేశారు. నేను లేచింది ఖమ్మం యార్డులో. మనుషుల కాళ్ళ మధ్య నుంచి ఎటు దారి ఉంటే అటు నడుస్తూ రైలు స్టేషనుకు చేరాను. అక్కడ ఒక కానిస్టేబుల్ నన్ను కూర్చోబెట్టి ఏ ఊరని అడిగితే, నేను ఏడుస్తూ ‘ఏర్, ఏర్’ అన్నానట. ఏటి ఒడ్డున ఉన్న ఊరు అని ఆయన అర్థం చేసుకున్నాడు. పేరు చెప్పలేదు కాబట్టి లక్ష్మి అని తనే పెట్టాడు. ఆ పేరుతో, ఆ ఏటితో నన్ను ఖమ్మంలో ఒక ట్రస్టు నడిపే పిల్లల హోముకు అప్పగించారు. సుగుణమ్మ టీచర్ ఆ హోము వార్డెను.

ఆమె అంతకుముందు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పినామె, అందుకే వార్డెను అయినా అందరికీ టీచరే. పెళ్ళి చేసుకోలేదు. పొడుగ్గా, ఎముకలు కనపడేట్టు ఉండేవారు. ముతక నేత చీర, తెగిన చోటల్లా కుట్టించిన తోలు చెప్పులు, చంకలో గొడుగు. పిల్లలను దగ్గరికి తీసుకుని ముద్దు చేసే మనిషి కాదు. స్టేషన్లలోనూ బస్టాండుల్లోనూ దొరికిన పిల్లలు మా హోములో చాలామంది ఉండేవాళ్ళు. ఇంట్లో కొడితే పారిపోయినవాళ్ళు, తిరునాళ్ళలో తప్పిపోయినవాళ్ళు, పనికి పెడితే తప్పించుకొచ్చినవాళ్ళు. మిగతా చోట్ల అట్లాంటి పిల్లలకు అన్నం పెట్టి, బడికి పంపి ఊరుకునేవాళ్ళు. ఆమె అన్నం పెట్టిన రోజునుంచే వాళ్ళ ఊరు వెతకడం మొదలుపెట్టేవారు.

నేను కోయపిల్లనని చూడగానే తెలిసింది కానీ, నా మాట ఎవరికీ తెలియలేదు. హోములో వంటచేసే ఆమె కోయామే, కానీ ఖమ్మం పక్క మనిషి, వాళ్ళింట్లో తెలుగే. కొన్నాళ్ళకు నేను ఆటలో నన్ను నేనే ‘మాసె’ అని పిలుచుకుంటుంటే టీచర్ విన్నారు. ఆ రోజు నుంచి నన్ను లక్ష్మి అన్నవాళ్ళను ఊరుకోలేదు. “ఆ పిల్లకు కన్నోళ్ళు పెట్టిన పేరున్నది. మనకు నోరు తిరగకపోతే మనం నేర్చుకోవాలె” అనేవారు. పేరు నిలబెట్టారు కానీ ఏరు మాత్రం ఆమెను మోసం చేసింది. సెలవు దొరికితే నన్ను వెంటబెట్టుకుని వాగుల పక్క ఊళ్ళు, గోదావరి పక్క ఊళ్ళు తిరిగారు. ఎక్కడా నన్ను ఎరిగినవాళ్ళు లేరు. ఆ మరుసటి ఎండాకాలం దుమ్ముగూడెం వైపు ఒక సంతలో చింతపండు అమ్ముతున్న కోయామె మా చేతిలోని సీసా చూసి, చెయ్యి చాపి, ‘ఏర్’ అంది. టీచర్ సీసా ఇచ్చారు. ఆమె గటగటా తాగి తిరిగి ఇచ్చేసింది. టీచర్ ఆ సీసా పట్టుకుని అట్లాగే నేలమీద కూర్చున్నారు.

“ఏరంటే నీళ్ళా?” అని నన్ను అడిగారు. నేను తలూపాను. “అయ్యో, పిల్లకు దూపైతున్నదంటే నేను ఊరు వెతికిన్నే!” అన్నారు. ఆమె కళ్ళవెంట నీళ్ళు రావడం నేను చూసింది అదే మొదలు. అప్పటి నుంచి వెతుకులాట దారి మారింది. ఊళ్ళు వదిలేసి భాషను పట్టుకున్నారు. నీళ్ళను ఏరనే మనుషులు ఏ సంతలకు దిగుతారో అక్కడికి వెళ్ళడం, వాళ్ళ దగ్గర ఒక్కో మాట నేర్చుకోవడం. ఆమె నేర్చుకుంటున్న ఆ రోజుల్లోనే నేను మరిచిపోతూ వచ్చాను. హోములో తెలుగు, బడిలో తెలుగు. ఒక పొద్దున కట్టెల పొయ్యి ముందు కూర్చుని మంటను మావాళ్ళు ఏమంటారో అని ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. టీచర్ చెప్పారు. ఆమె నోట ఆ మాట వంకరగా పలికింది. పిల్లలం అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి నాకు జ్వరం వచ్చింది. టీచర్ పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్నారు. ఆ మత్తులో నేను “అమ్మా” అన్నాను. గుడ్డ పిండుతున్న చెయ్యి ఆగిపోయింది. ఇంకొకరైతే ఏమనేవారో కానీ, ఆమె నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, “నేను టీచర్ని. మీ అమ్మ వేరే ఉన్నది. ఆమె కోసం పెట్టుకున్న పిలుపు నాకియ్యకు” అన్నారు. మళ్ళీ గుడ్డ తడిపి నుదుటి మీద వేశారు. జ్వరం తగ్గేదాకా నా మంచం పక్కనే ఉన్నారు, కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆమె అన్నది న్యాయమేనని ఇప్పుడు తెలుసు. తొమ్మిదేళ్ళ పిల్ల న్యాయాన్ని ఏం చేసుకుంటుంది? నాకు అప్పుడు కావలసింది ఆ పిలుపుకు పలికే మనిషి.

కొంచెం పెద్దయ్యాక నాకు సంతలంటే అసహ్యం పుట్టింది. కూరగాయల వరసలు, ఎండుచేపల బుట్టలు, పిట్టల గంపల మధ్య ఒక చోటు చూసి టీచర్ నన్ను నిలబెట్టేవారు. నా జుట్టు మావాళ్ళ తీరున పక్కకు ముడివేసేవారు. వచ్చిపోయే ప్రతి కోయామెతో ఆ వంకర భాషలో ఏదో చెప్పి నావైపు చూపించేవారు. వాళ్ళు నా మొహం అటూ ఇటూ తిప్పి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. పశువుల బేరానికి వచ్చినవాళ్ళు ఆగి నవ్వుకునేవాళ్ళు.

“నేను రాను టీచర్” అన్నాను ఒక ఆదివారం.

“ఎందుకు?”

“అందరూ చూస్తరు.”

“చూడాల్ననే గదా పోయేది. జల్దీ తయారుగా.”

“నాకు ఇక్కడే బాగుంది. నాకు ఎవరూ వద్దు.”

ఆమె గొడుగు తీసుకుంటూ, “నీకు వద్దు సరే. అక్కడ ఒకామె రోజూ నీ కోసం ఎదురుచూస్తుండొచ్చు. ఆమెను ఎవరు అడగాలె?” అన్నారు. నేను ఏడ్చుకుంటూనే వెంట వెళ్ళాను. ఆమె ఎవరి కన్నీళ్ళకు కరుగుతారో, ఎవరి కన్నీళ్ళకు కరగరో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వెతుకులాట ముగిసింది. చెర్ల దారిలో ఒక సంతలో చీపుళ్ళు అమ్ముతున్న ముసలామె నన్ను చూసి, చీపుళ్ళు కిందపడేసి, “దేవె!” అని అరిచింది. నా పేరు దేవె కాదని టీచర్ చెప్పబోయారు. ముసలామె వినలేదు. నా చెంపలు రెండు చేతులా పట్టుకుని దేవె, దేవె అంటూనే ఉంది. దేవె మా అమ్మ పేరు. పెళ్ళికాక ముందు మా అమ్మ అచ్చం అట్లా ఉండేదట. ఆ ముసలామె మా అమ్మకు మేనత్త. ఇన్నేళ్ళూ నా మొహంలో మా అమ్మ మొహం పెట్టుకుని తిరిగానని నాకు తెలియనే లేదు. టీచర్ అక్కడే, ఆ సంతలో, చేతులు జోడించి తన దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు.

అప్పగింతకు ట్రస్టు పెద్దాయన కూడా కారులో వచ్చారు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి మధిర దగ్గర భూములు, మిల్లు సంపాదించిన కుటుంబం మనిషి. చెడ్డవాడు కాదు. దానం చేసేవాడికి ఆ దానం కళ్ళకు కనపడాలని ఉంటుంది, అంతే. వెంట ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. రోడ్డు అయిపోయాక చాలాదూరం నడిచాం. చెట్ల మధ్య కొన్ని గుడిసెలు, గుడిసెల ముందు నిలబడి మమ్మల్నే చూస్తున్న జనం. ముసలామె ఒకామెను ముందుకు తోసింది. చిన్న మనిషి, పలచటి జుట్టు, చంకలో ఒక పిల్ల. ఆమె నా దగ్గరికి వెంటనే రాలేదు. నేను చనిపోయానని ఎప్పుడో కోడిని కోసి, చేయాల్సింది చేసి, నన్ను పంపించేశారట. పంపించేసిన మనిషి గౌను వేసుకుని తిరిగొస్తే ఎవరైనా భయపడతారు. చాలాసేపటికి దగ్గరికి వచ్చి నా తల వంచి, జుట్టులో ముక్కు పెట్టి వాసన చూసింది. తర్వాత ఏదో అంది. నాకు అర్థం కాలేదు. టీచర్ వైపు చూశాను.

“తిన్నవా అని అడుగుతున్నది” అన్నారు టీచర్.

“తిన్నాను” అన్నాను తెలుగులో. టీచర్ ఆ మాటను మా అమ్మకు మా భాషలో చెప్పారు. మా నాన్న ఎక్కడ అని నేను తెలుగులో అడిగాను. టీచర్ అడిగి తెలుసుకుని, పాత ఊరు చూసొస్తానని సరిహద్దు దాటి వెళ్ళినవాడు తిరిగిరాలేదని నాకు చెప్పారు. అట్లా నా తల్లికీ నాకూ మధ్య ఒక పరాయి మనిషి నిలబడి, మా మాటలు మాకు అందించింది. పెద్దాయన మా అమ్మ చేతిలో చీర పెట్టారు. ఫోటోగ్రాఫర్ ఇద్దరినీ దగ్గరికి జరగమన్నాడు. జరిగాం. ఆ ఏడు ట్రస్టు క్యాలెండర్ మీద ఆ ఫోటోనే వేశారు. కింద ‘తల్లి ఒడి చేరిన మాసె’ అని రాసి ఉంది.

వాళ్ళు బయలుదేరుతుంటే నేను టీచర్ కొంగు పట్టుకున్నాను. ఆమె నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. “ఇన్నేండ్లు ఎందుకు తిరిగినమో యాదికి తెచ్చుకో. ఇది నీ ఇల్లు. నెలకోసారి వస్త. నిన్ను దగ్గర్లో హాస్టల్ల చేర్పిస్తమని సార్ మాటిచ్చిండు.” వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చూస్తారేమోనని చెట్లలో ఆ గొడుగు కనపడినంతసేపు చూశాను. తిరగలేదు. ఆ రోజు ఆమె మీద పుట్టిన కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను.

హాస్టల్ మాట నిలబడలేదు. నా దగ్గర ఉండాల్సిన కాగితాలు లేవని ఒకరు, మేం ఈ రాష్ట్రం వాళ్ళమే కాదని ఇంకొకరు తిప్పి పంపారు. ఆ నెలల్లో నేను నేర్చుకున్నది మా భాష ఒక్కటే. మా అమ్మ నేర్పింది. వాగులో ఇసుక తవ్వి చెలమ చేసి నీళ్ళు ఊరేదాకా పక్కపక్కన కూర్చునేవాళ్ళం. ఆమె ఒక్కో వస్తువు చూపించి పేరు చెప్పేది, నేను పలికేదాన్ని. తప్పు పలికితే నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ రోజు అమ్మ చంకలో ఉన్న పిల్ల నా చెల్లెలు, పేరు ఐతె. అదీ నాతోపాటే మాటలు నేర్చుకుంది. ఇద్దరం ఒకే ఈడు పిల్లల్లా తప్పులు పలికేవాళ్ళం. బాగుండేది. ఆకలి ఉన్నా, దోమలు ఉన్నా, ఆ కొన్నాళ్ళు బాగుండేది.

ఒక పొద్దున అటవీశాఖ జీపులు వచ్చాయి. ఇది మీ జాగా కాదు, లేవండి అన్నారు. దిగినవాళ్ళు గుడిసెల రాటలకు తాళ్ళు కట్టి లాగారు. మా అమ్మ లోపలికి పరిగెత్తి ఒక కుండ, ఒక దుప్పటి తెచ్చుకోగలిగింది. వాళ్ళ మాట అర్థమైన దాన్ని అక్కడ నేనొక్కదాన్నే. “పిల్లలున్నారు, రెండు రోజులు ఆగండి సార్” అని తెలుగులో బతిమాలాను. “తెలుగు మంచిగనే మాట్లాడుతున్నవే” అన్నాడు ఒకతను, ఆశ్చర్యంగా. అంతే. మేం ఇంకా లోపలికి నడిచి వెళ్ళాం. అక్కడ ఐతెకు చలిజ్వరం పట్టింది. కర్రకు దుప్పటి కట్టి, అందులో పడుకోబెట్టి రోడ్డు వైపు మోసుకెళ్ళారు. రోడ్డు రాకముందే దుప్పటిలో కదలిక ఆగిపోయింది. మా అమ్మ ఆ దుప్పటిని దించమంది. అక్కడే ఒక ఇప్పచెట్టు పక్కన మట్టిలో పెట్టేసి వెనక్కి వచ్చాం. ఇప్పుడు దవాఖానలో నర్సుగా పనిచేస్తూ, అదే జ్వరానికి మందు ఇచ్చే ప్రతిసారీ, అది ఎంత చిన్న మాత్రో నాకు కనిపిస్తూనే ఉంటుంది.

సుగుణమ్మ టీచర్ మాట ప్రకారమే వస్తూ ఉండేవారు. కూలిన గుడిసెలు చూశాక ఏ సంతలో అడిగారో, ఎంతమందిని అడిగారో, చివరికి మా కొత్త చోటికి కూడా వచ్చారు. చెప్పులు చేతిలో పట్టుకుని, కాళ్ళు గీరుకుపోయి ఉన్నారు. కప్పు లేదు, నాలుగు కొమ్మలు పాతి పైన ఆకులు పరిచి ఉన్నాయి. ఆమె ఆ కొమ్మల కింద కూర్చున్నారు. మా అమ్మ సొరబుర్రతో నీళ్ళు ఇచ్చింది. తాగలేదు, పట్టుకుని కూర్చున్నారు. ఐతె ఏదని అడిగారు. నేను చెప్పాను. ఈసారి మా అమ్మ మాటలు ఆమెకూ, ఆమె మాటలు మా అమ్మకూ నేనే చెప్పాను.

సొరబుర్ర కింద పెట్టి, మాలో ఎవరికని కాకుండా, “ఇల్లు వెతికిన. దొరికితే చాలనుకున్న. అది నిలబడి ఉంటదనుకున్న” అన్నారు. ఆ మాటను మా అమ్మకు నేను చెప్పలేదు. చెప్పకుండానే ఆమె లేచి వచ్చి, నా చెయ్యి తీసుకుని టీచర్ చేతిలో పెట్టింది. “తీసుకెళ్ళు. బతికుంటే అదే వస్తుంది” అంది. నన్ను పోగొట్టుకున్న రోజు ఆమెకు తెలియకుండా పోగొట్టుకుంది. ఈసారి తెలిసి పంపింది. ఏది ఎక్కువ కష్టమో నేను ఎప్పుడూ అడగలేదు.

ఖమ్మంలో హోము తలుపు నాకు తెరుచుకోలేదు. ట్రస్టు పెద్దాయన వరండాలోనే నిలబెట్టి మాట్లాడారు. “ఏమండీ సుగుణమ్మగారూ, ఒకసారి తల్లికి అప్పగించాక మళ్ళీ తీసుకొస్తే ఎట్లాగండీ? క్యాలెండర్ వేశాం. దాతలంతా చూశారు. వాళ్ళకేం చెప్పుకోమంటారు?”

“ఇల్లు కూలగొట్టిన్రని చెప్పండి సార్.”

“అది మన పని కాదు కదండీ.”

“పిల్ల మన పనే గదా.”

ఆయన నావైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరికి వేసి లోపలికి వెళ్ళారు. వరండా గోడమీద, నేనూ మా అమ్మా నవ్వకుండా నిలబడిన ఆ క్యాలెండర్ వేలాడుతూ ఉంది. టీచర్ నన్ను తన కిరాయి ఇంటికి తీసుకెళ్ళారు. వంటగది పక్కన చాప వేసి, తన పెట్టె ఖాళీ చేసి నా పుస్తకాలకు ఇచ్చారు. కొన్ని వారాలకే ఆమె మీద ఫిర్యాదు వచ్చింది. వార్డెను అడవి పిల్లను ఇంట్లో పనికి పెట్టుకుందని. ఎవరు పెట్టారో చెప్పలేదు. ఉద్యోగం నుంచి ఆపేసి విచారణ అన్నారు.

విచారణ రోజు పిల్లల సంక్షేమ అధికారులు టీచర్‌ను బయట బల్ల మీద కూర్చోమన్నారు. మా అమ్మను పిలిపించారు. నేను తప్పిపోయిన ఆ మిరప కోతల తర్వాత ఆమె మళ్ళీ ఖమ్మం వైపు రావడం అదే మొదలు. తనకు ఇచ్చిన చీర కట్టుకుని, కుర్చీ వద్దని గోడకు ఆనుకుని కింద కూర్చుంది. దుబాసీ ఎవరని అధికారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేనున్నానని చెప్పాను. వేరే దారి లేక ఒప్పుకున్నారు.

“ఈమె నీ బిడ్డను ఎందుకు తీసుకుపోయింది?” అని అడిగారు. నేను మా అమ్మకు చెప్పాను. ఆమె చెప్పినదాన్ని, ఒక్క మాట కలపకుండా, తెలుగులో వాళ్ళకు చెప్పాను.

“ఈమె తీసుకుపోలేదు. ఈమె నాకు తెచ్చి ఇచ్చింది. పెట్టుకోవడానికి నాకు చోటు లేక నేనే పంపాను. చిన్నదాన్ని ఎవరికీ ఇవ్వలేదు, నా దగ్గరే పెట్టుకున్నాను. అది చచ్చిపోయింది. దాని గురించి అడగడానికి ఎవరూ రాలేదు. ఇది బతికుంది కాబట్టి అడుగుతున్నారా?”

ఒకాయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. మాటలు న్యాయమైనవే అన్నారు. ఫిర్యాదు కొట్టేశారు. నన్ను భద్రాచలంలో ఆడపిల్లల గురుకులంలో చేర్పించారు. టీచర్‌ను మాత్రం ట్రస్టు మళ్ళీ తీసుకోలేదు. తప్పు చేయలేదని తేలిన మనిషికి కూడా, తేలేలోపు ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఆమెను ఇంటికి వెళ్ళమన్నారు. పిల్లలందరికీ ఇళ్ళు వెతికిన మనిషికి వెళ్ళడానికి ఆ రెండు గదుల కిరాయి వాటా తప్ప ఏమీ లేదు.

తర్వాత కూడా ఆమె ఆగలేదు. ట్యూషన్లు చెప్పుకుంటూ, బస్టాండుల్లో దొరికిన పిల్లల ఫోటోలు ఫోనులో పెట్టుకుని, సెలవు రోజుల్లో సంతలకు వెళ్ళేవారు. మోకాళ్ళు అరిగిపోయాక కూడా వెళ్ళారు. నేను నర్సింగ్ చదువుతున్నప్పుడు ఒకసారి అడిగాను. “ఇంకా ఎందుకు టీచర్? తీసుకెళ్ళి ఇస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా?”

ఆమె మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నారు. “తెలుసు. మరి ఇయ్యకుండ ఉంటే ఏమైతదో గూడ తెలుసు గదనే. రెండూ తెలిసి ఇంట్ల కూసునుడు నాతోని కాదు” అన్నారు. ఆ రోజు ఆమె మోకాళ్ళకు మిగిలిన నూనె నేను రాశాను. నన్ను ఆమె ఆపకుండా ఉండడం, తన ఒంటిమీద నా చెయ్యి అంతసేపు ఉండనివ్వడం అదే మొదటిసారి, అదే చివరిసారి.

ఆమె పోయినప్పుడు చర్చి నిండింది. ట్రస్టు పెద్దాయన, ఇప్పుడు ముసలాయన, పూలదండ తెచ్చి, ఎందరో పిల్లలను తల్లి ఒడి చేర్చిన పుణ్యాత్మురాలని మాట్లాడారు. అబద్ధం ఆడుతున్నట్టు నాకు అనిపించలేదు. ఆయనకు ఆ వరండా గుర్తే లేదు. గుర్తున్న అబద్ధాన్నయినా క్షమించొచ్చు కానీ, ఈ మరుపును ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన మాట్లాడుతుండగానే శవపెట్టె పక్కన కూర్చున్న మా అమ్మ మావాళ్ళ తీరున రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. చర్చిలో అందరూ తిరిగి చూశారు. పాస్టరుగారు నా దగ్గరికి వంగి, “ఏమంటున్నది తల్లీ?” అని అడిగారు.

“ఏడుస్తుంది, అంతే అయ్యగారూ” అన్నాను. మా అమ్మ అంటున్నది వేరు. ‘నా బిడ్డను తెచ్చినావు, నా బిడ్డను తీసుకుపోయినావు. తెచ్చినందుకు ఏడవనా, తీసుకుపోయినందుకు ఏడవనా’ అని పాడుతోంది. అది ఆ పూలదండల మధ్య తెలుగులో చెప్పబుద్ధి కాలేదు. వినాల్సిన మనిషికి ఆ భాష తెలుసు.

నేను ఇప్పుడు భద్రాచలంలో ఉంటున్నాను. అడవి భాష మాట్లాడే పిల్ల ఎక్కడైనా దొరికితే అధికారులు నాకు ఫోన్ చేస్తారు. వెళ్తాను. ఈ మధ్య బస్టాండులో దొరికిన ఎనిమిదేళ్ళ పిల్ల తండ్రి అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటలో పనిచేస్తున్నాడని తెలిసింది. అప్పగించేద్దాం, పని అయిపోతుంది అన్నారు. ముందు నేను ఒక్కదాన్ని చూసొస్తానన్నాను. తోట చివర రేకుల షెడ్డు. అందులో నాలుగు కుటుంబాలు. తండ్రి మంచివాడు. బిడ్డ పేరు చెప్పగానే అక్కడే కూలబడిపోయాడు. “ఇక్కడ ఎన్నాళ్ళు ఉంటారు?” అని మా భాషలో అడిగాను. గెలలు కోసినన్నాళ్ళు, తర్వాత తెలియదన్నాడు. సుగుణమ్మ టీచర్ అయితే ఆ మాట వినకముందే పిల్లను తెచ్చి అతని చేతిలో పెట్టేవారు. నేను తిరిగి వచ్చేశాను. బస్సులో కూర్చున్నంతసేపూ నాలో ఆమె గొడవపడుతూనే ఉన్నారు, అక్కడ ఒకడు ఎదురుచూస్తుంటే నువ్వు లెక్కలు వేస్తున్నావా అని. నేను జవాబు చెబుతూనే ఉన్నాను. ఎవరమూ నెగ్గలేదు.

రేపు ఆదివారం పిల్లను వెంటబెట్టుకుని వెళ్తున్నాను. బట్టల సంచీ సర్దుకోవాలా అని నిన్న అడిగింది. వద్దన్నాను. “మీ నాన్నను చూసి వద్దాం. పొద్దుగూకే దాకా ఉందాం. ఉండాలనిపిస్తే అప్పుడు చెప్పు, సంచీ నేనే తెస్తాను. లేకపోతే నాతోపాటు బస్సెక్కి వచ్చెయ్యి” అన్నాను. అది నా మొహంలోకి చూసి, నిజమేనా అని మళ్ళీ అడిగింది. నిజమేనని చెప్పాను. ఉండాలో వచ్చెయ్యాలో నువ్వే చెప్పు అనే మాట నన్ను పెంచిన మనిషి నాకు చెప్పలేదు. ఆమెకు అది తట్టలేదు.